పసిపిల్లలున్న ఇంట్లో వంటగదికి ఏ నేల మంచిది?

వంటగది నేల కోసం దుకాణానికి వెళితే ముందు రంగులు చూపిస్తారు, తరువాత మెరుపు చూపిస్తారు. రెండూ నచ్చాక ధర మాట వస్తుంది. ఆ బేరమంతటిలో నీళ్లు ఒలకవు, నూనె చిందదు, పొయ్యి మీది గిన్నె దించుకుని వెనక్కు తిరిగేసరికి కాళ్ల దగ్గరకు పారాడుతూ వచ్చిన బిడ్డ ఉండదు. ఇంట్లో రోజూ జరిగేవి మాత్రం ఇవే.

ఈ ఎంపికలో నేను పాటించే లెక్క ఒకటే. తరువాత సరిదిద్దుకోలేని గుణాన్ని ముందు చూడాలి, సరిదిద్దుకోగలిగినవి ఆ తరువాత. గట్టి నేల మీద కావలసిన చోట మెత్తటి మ్యాట్ పరుచుకోవచ్చు. జారే నేలకు పట్టు తెప్పించడం, జిడ్డు తాగిన సందులను మళ్లీ తెల్లబరచడం, నీరు తాగి ఉబ్బిన పలకను చదును చేయడం అంత తేలిక కాదు. జారకుండా పూసే పూతలు దొరుకుతాయి గానీ అవి నడకకు అరిగిపోతాయి.

## ముందు చూడవలసినవి

తడిలో పట్టు. "పిల్లలు పడుతూ ఉంటారు, మెత్తటిది వేయిద్దాం" అనే మాటతోనే చాలామంది తల్లిదండ్రులు మొదలుపెడతారు. పడతారన్నది నిజమే. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 12 నుంచి 19 నెలల పిల్లలు తమంతట తాము ఆడుకుంటున్నప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. అయితే ఆ వయసులో ఒళ్లు తేలిక, పడే ఎత్తూ తక్కువ. చతికిలబడి, అటూ ఇటూ చూసి, మళ్లీ లేచి నడుస్తారు. పెద్దలు కాలు జారితే సంగతి వేరు. చేతిలో కాగిన నూనె ఉండి, కింద బిడ్డ ఉంటే ఆ ప్రమాదానికి అంతు ఉండదు. అందుకే మెత్తదనం కంటే పట్టుకే ముందు చోటు ఇస్తాను.

టైల్స్ పెట్టె మీదో, కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలోనో ఆర్9, ఆర్10, ఆర్11 అని ఉంటుంది. ఇవి జర్మనీ ప్రమాణం డిన్ 51130 కింద ఇచ్చే అంకెలు. నూనె పూసిన వాలు పలక మీద బూట్లు వేసుకున్న మనిషి ఎంత వాలు వరకు జారకుండా నడవగలడో చూసి ఇస్తారు. ఆర్9 అంటే 6 నుంచి 10 డిగ్రీలు, ఆర్10 అంటే 10 నుంచి 19, ఆర్11 అంటే 19 నుంచి 27. ఆర్9 ముద్ర చూపించి "ఇది జారదు" అని అమ్మేవాళ్లుంటారు. ఆ వరుసలో అన్నిటికన్నా కింది మెట్టు అదే. ఇంటి వంటగదికి ఆర్10 సరిపోతుంది. ఆర్11కి పట్టు ఇంకా బాగుంటుంది గానీ ఆ గరుకులో జిడ్డు కూర్చుంటుంది, తుడిచే గుడ్డ పోగులు అక్కడక్కడా చిక్కుకుంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. పరీక్ష బూట్లతో చేసినది, పిల్లలు ఇంట్లో తిరిగేది ఒట్టి కాళ్లతో. ఒట్టి కాళ్లకు డిన్ 51097 అనే వేరే పరీక్ష ఉంది. అందులో ఎ, బి, సి అని మూడు తరగతులు, సి అన్నిటికన్నా మెరుగు. స్నానాల గదులకు, ఈత కొలనులకు చూసే అంకె అది. వివరాల పత్రంలో ఉంటే వంటగదికీ చూడండి. అమెరికా ప్రమాణం పాటించే కంపెనీలు డీసీఓఎఫ్ అనే ఘర్షణ అంకె ఇస్తాయి. ఇంటి లోపల తడిసే సమతల నేలకు అది కనీసం 0.42 ఉండాలి.

ఏ అంకె దొరక్కపోయినా తనిఖీ కష్టం కాదు. నమూనా పలకను కదలకుండా నేల మీద పెట్టి, నీళ్లు చల్లి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేయండి. గోడ పట్టుకుని ఒట్టి మడమతో ముందుకు తోయండి. మడమ ఆగి ఆగి కదిలితే మంచిది. సాఫీగా సాగిపోతే ఆ పలకను నిశ్చింతగా గోడకు వేయించుకోవచ్చు.

అతుకులు. గ్లాసెడు పాలు ఒలికినప్పుడు చూడండి. పలక మీదివి గుడ్డ ఒక్క ఊపులో తీసేస్తుంది. సందులోకి దిగినవి గీతలా సాగుతూ పోయి నాలుగు పలకల అవతల ఫ్రిజ్ కింద తేలతాయి. సందుల్లో నింపే మామూలు సిమెంటు గ్రౌట్‌లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. అది పాలు తాగుతుంది, మర్నాటికి పుల్లటి వాసన మొదలవుతుంది. పిల్లలున్న ఇంట్లో నేల రోజుకు ఎన్నిసార్లు తుడవాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ పని తేలికా భారమా అన్నది పలక కంటే పలకల మధ్య సందులే ఎక్కువగా తేలుస్తాయి.

కనిపించడం. చుక్కలు, చారలు ఉన్న నేల మురికిని దాస్తుందని మెచ్చుకుంటారు. మురికిని దాచేది గుండీని కూడా దాస్తుంది, బటన్ బ్యాటరీని కూడా దాస్తుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డుపడే భాగాలున్నాయో లేదో చూడటానికి 3.17 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం వాడతారు. అందులో పట్టేదేదైనా ప్రమాదమే. పారాడే వయసులో సాదా, లేత నుంచి మధ్యస్థపు రంగు నేల మంచిది. మురికి కనిపిస్తుందంటారా, కనిపించనివ్వండి.

చప్పుడు, చలి, గిన్నె పడితే పగలడం, కొత్త సరుకు వాసన కూడా చూడాలి. వాటిని ఒక్కొక్క రకం దగ్గర చెబుతాను.

## టైల్స్

పోర్సలేన్ లేదా విట్రిఫైడ్ టైల్స్ నీటిని ఇంచుమించు తాగవు. వాటి నీటి పీల్పు బరువులో 0.5 శాతం లేదా అంతకు తక్కువ. గోడలకు వేసే మామూలు సిరామిక్ టైల్స్‌లో అది 10 శాతం దాటుతుంది, బలమూ తక్కువే. గోడ టైల్స్ మిగిలాయి కదా అని నేలకు వాడితే మొదటి పెద్ద గిన్నె పడ్డ రోజే చీలిక కనిపించవచ్చు.

ఇక మెరుపు సంగతి. పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్ పొడిగా ఉన్నప్పుడు బాగానే పట్టు ఇస్తుంది, నీరు పడితే మాట మారుతుంది. హాలులో వేసిన మెరిసే టైల్స్‌నే వరుస తెగకుండా వంటగదిలోకి కొనసాగించే అలవాటు చూడటానికి బాగుంటుంది గానీ, పసిపిల్లల ఇంటికి నేను ఒప్పుకోను. రంగు అదే ఉంచి వంటగదిలో మాత్రం మ్యాట్ ఫినిష్, అంటే మెరుపు లేని రకం, తీసుకోండి. చాలా శ్రేణుల్లో ఒకే రంగు రెండు ఫినిష్‌లలోనూ దొరుకుతుంది.

పరిమాణంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. పెద్ద పలకలైతే సందులు తక్కువ, తుడవడం సులువు. చిన్న పలకలైతే సందులు ఎక్కువ, ఆ సందులే కాలికి పట్టునిస్తాయి. నా తూకం పెద్ద లేదా మధ్యస్థ పలక, మ్యాట్ ఫినిష్, సందు 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అందులో సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్. ఎపాక్సీ నూనెను, పాలను తాగదు. పూయడం కష్టం, త్వరగా గట్టిపడుతుంది, పలక మీద మిగిలితే తీయడానికి తంటాలు పడాలి. అందుకే కొందరు మేస్త్రీలు దాన్ని తప్పించుకోవాలని చూస్తారు. పని ఒప్పుకునేటప్పుడే ఈ మాట తేల్చుకోవాలి. సిమెంటు గ్రౌట్‌తోనే సరిపెట్టుకుంటే పైన రంధ్రాలు మూసే సీలర్ పూయించి, అది అరిగినప్పుడల్లా మళ్లీ పూయాలి. పని అయ్యాక యాసిడ్ పోసి కడిగే పద్ధతి సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది. ఆ తరువాత ఏ సీలర్ పూసినా సందులు మరకలు పడుతూనే ఉంటాయి.

టైల్స్ లోపాలు అందరికీ తెలిసినవే. గట్టిగా ఉంటాయి, చల్లగా ఉంటాయి, గాజు గ్లాసు పడితే దాని ముక్కలు గదంతా చెదురుతాయి. ఆ గాజు ముక్కలు పారాడే బిడ్డకు నిజమైన ప్రమాదం. దీనికి మందు నేలలో కంటే అలమరలో ఉంది. ఈ రెండు మూడేళ్లు గాజు సామాను పైకి ఎక్కించండి.

## వినైల్

వినైల్‌ను, అంటే పీవీసీ ప్లాస్టిక్‌తో చేసి నేలకు పరిచే సరుకును, పాతకాలపు చవక రకంగా చూసే పెద్దలున్నారు. పసిపిల్లల ఇంటికి ఇది గట్టి పోటీదారు. కాలికి వెచ్చగా ఉంటుంది, చప్పుడు తక్కువ, పడిన గ్లాసు బతికే అవకాశం ఎక్కువ, తడి గుడ్డతో పని అయిపోతుంది. ఇందులో రెండు తరగతులున్నాయి, వాటి గుణాలూ వేరు.

చుట్టగా వచ్చే షీట్ వినైల్ 2, 3, 4 మీటర్ల వెడల్పుల్లో దొరుకుతుంది. వంటగది చిన్నదైతే ఒక్క అతుకు కూడా లేకుండా పరవవచ్చు. పాలు దిగడానికి సందే ఉండదు. కింద నురగ పొర ఉన్న రకం తీసుకుంటే మెత్తగానూ ఉంటుంది, కాకపోతే బరువైన ఫ్రిజ్ కాళ్లు అందులో గుంటలు చేస్తాయి.

పలకలుగా వచ్చి ఒకదానిలో ఒకటి బిగించే రకం రెండోది. ఎస్‌పీసీ పేరుతో వచ్చేవాటి లోపలి భాగం సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసినది. నీటికి ఉబ్బదు, పైన పడిన వస్తువుకు గుంట పడదు. అలాగే మెత్తగానూ ఉండదు, కాబట్టి "వినైల్ అంటే మెత్తన" అనుకుని దీన్ని కొనకండి. కొనేటప్పుడు మొత్తం మందం కంటే పై అరుగుదల పొర మందం అడగండి. 0.3 మిల్లీమీటర్లు మామూలు గదులకు చాలు. కుర్చీ ఈడ్చుకెళ్లి గట్టు ఎక్కే వయసు పిల్లలుంటే 0.5 తీసుకోండి.

లోపాలు మూడు. వేడి గిన్నె నేరుగా పెడితే మచ్చ శాశ్వతం. రబ్బరు అడుగున్న మ్యాట్లు ఎక్కువ కాలం ఉంచితే రబ్బరులోని రసాయనం వినైల్‌లోకి దిగి పసుపు మరక చేస్తుంది, అది పోదు. మూడోది థాలేట్లు, అంటే పీవీసీని మెత్తబరచడానికి కలిపే రసాయనాలు. అమెరికాలో 2008 చట్టం పిల్లల బొమ్మల్లో మూడు థాలేట్లు 0.1 శాతం మించకుండా నిషేధించింది. నేలకు పరిచే వినైల్ ఆ చట్టం కిందికి రాదు. ఐరోపా సమాఖ్య 2020 జూలై నుంచి ఇళ్లలో వాడే వస్తువులకు నాలుగు థాలేట్ల మీద అదే పరిమితి పెట్టింది. నేల మీద చేతులు పెట్టి, ఆ చేతులు నోట్లో పెట్టుకునే వయసు గనుక థాలేట్లు లేవని రాతపూర్వకంగా ఉన్న సరుకే కొనండి. గాలిలోకి వదిలే రసాయనాలకు ఫ్లోర్‌స్కోర్ వంటి ధ్రువీకరణ ఉందేమో చూడండి. పరిచాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచడం ఎలాగూ తప్పదు.

పాత ఇల్లు కొన్నవారికి ఒక హెచ్చరిక. 1980కి ముందు వేసిన వినైల్ పలకల్లో, వాటి జిగురులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. పరీక్ష చేయించకుండా గీకవద్దు, పగలగొట్టవద్దు.

## రాయి

గ్రానైట్, పాలరాయి రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. గ్రానైట్ గట్టిది, నిమ్మరసానికి చలించదు. సీలర్ పూస్తే నూనె మరకలనూ తట్టుకుంటుంది. పాలరాయి కాల్సైట్ అనే ఖనిజం, గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్థాయిలో దానిది 3 మాత్రమే. నిమ్మరసమో వెనిగరో పడి ఆరితే ఆ చోట మెరుపు చచ్చి తెల్లటి మచ్చ మిగులుతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పెట్టాలి. సున్నపురాయి జాతి పలకలన్నిటికీ ఇదే బాధ. వంటగదిలో పాలరాయి వేసి పిల్లలను కాపలా కాయడం కంటే హాలులో వేసుకుని సంతోషించడం మేలు.

గ్రానైట్ తీసుకుంటే అద్దంలా పాలిష్ చేసినది వద్దు. మెరుపు లేకుండా నున్నగా రుద్దిన హోన్డ్ గానీ, కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ గానీ అడగండి.

## కార్క్, లినోలియం

కార్క్ ఓక్ చెట్టు బెరడును చెట్టు కొట్టకుండా సుమారు తొమ్మిదేళ్లకొకసారి వలిచి చేసేది కార్క్. దాని కణాల్లో గాలి నిండి ఉంటుంది కాబట్టి ఇంటి నేలల్లో ఇంత మెత్తగా, ఇంత వెచ్చగా ఉండేది అరుదు. గంటలకొద్దీ పొయ్యి దగ్గర నిలబడేవారి మోకాళ్లకూ సుఖం. పైన పాలీయురెథేన్ పూత చెక్కుచెదరకుండా ఉన్నంత కాలమే ఈ మాటలు. పూత గీసుకుపోయిన చోట నీరు దిగితే ఉబ్బుతుంది. ఎండ పడే చోట రంగు వెలుస్తుంది. నీళ్లతో ఆడే పిల్లలున్న ఇంట్లో కార్క్ వేస్తే పూత మీద కన్నేసి ఉంచాలి. అంత ఓపిక ఉన్నవారికి ఇది చాలా మంచి ఎంపిక, లేనివారికి బెంగ.

లినోలియంను వినైల్‌తో కలిపి మాట్లాడతారు గానీ అది వేరు సరుకు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ 1863లో దీనికి పేటెంటు పొందాడు. అవిసె నూనె, చెట్టు బంక, కార్క్ పొడి, రంపపు పొడి, సున్నపురాయి పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరచి చేస్తారు. పీవీసీ వద్దనుకునే తల్లిదండ్రులకు వినైల్‌కు దగ్గరగా ఉండే ప్రత్యామ్నాయం ఇదే. క్షారం ఎక్కువున్న శుభ్రపరిచే ద్రావణాలు దీనికి పడవు. అతుకుల్లో నీరు నిలిస్తే జనపనార చెడుతుంది. తెరవగానే లేత పసుపు ఛాయ కనిపిస్తే కంగారు పడకండి, వెలుగు తగిలాక తగ్గుతుంది.

## చెక్క, లామినేట్

లామినేట్ వద్దు. చెక్క పొడిని ఒత్తి చేసిన లోపలి పలక అతుకుల దగ్గర నీరు తాగి పెదవుల్లా లేస్తుంది, ఆ తరువాత అణగదు. ఏసీ4, ఏసీ5 అంకెలు చూపించి గట్టిదంటారు. అవి అరుగుదలకు ఇచ్చిన అంకెలు, నీటికి కావు. పైగా మేజోళ్లు వేసుకున్న పిల్లలు దాని మీద బాగా జారతారు.

నిజమైన చెక్క అందం వేరు. గీతలు పడినా మళ్లీ గీకి పూత వేయవచ్చు. నీటి వాడకం తక్కువగా ఉండే వంటగదికి సరే. పిల్లలు ఎదిగాక ఆలోచించినా ఆలస్యమేమీ కాదు.

## పక్కపక్కన పెడితే

| రకం | తడిలో పట్టు | తుడవడం | పడితే దెబ్బ | నీటికి ఓర్పు | గుర్తుంచుకోవలసినది |
|---|---|---|---|---|---|
| మ్యాట్ పోర్సలేన్ | మంచిది (ఆర్10) | గ్రౌట్‌ను బట్టి | గట్టి | చాలా ఎక్కువ | ఎపాక్సీ గ్రౌట్ |
| పాలిష్ టైల్స్ | తక్కువ | తేలిక | గట్టి | చాలా ఎక్కువ | తడి అయితే ప్రమాదం |
| షీట్ వినైల్ | మధ్యస్థం నుంచి మంచిది | అన్నిటికన్నా తేలిక | మెత్తన | ఎక్కువ | థాలేట్లు, వేడి |
| ఎస్‌పీసీ వినైల్ | మధ్యస్థం నుంచి మంచిది | తేలిక | కొంచెం గట్టి | ఎక్కువ | అరుగుదల పొర మందం |
| గ్రానైట్ (హోన్డ్) | మంచిది | తేలిక | గట్టి | ఎక్కువ | సీలర్ |
| కార్క్ | మంచిది | పూతను బట్టి | అన్నిటికన్నా మెత్తన | మధ్యస్థం | పూత నిలబెట్టుకోవాలి |
| లినోలియం | మధ్యస్థం | తేలిక | కొంచెం మెత్తన | మధ్యస్థం | క్షారం పడదు |
| లామినేట్ | తక్కువ | తేలిక | కొంచెం గట్టి | తక్కువ | వంటగదికి వద్దు |

## ఎవరికి ఏది

సొంత ఇల్లు కడుతున్నారు, నేల ఒకసారి వేస్తే మళ్లీ ముట్టుకోరు. అలాంటప్పుడు మ్యాట్ పోర్సలేన్, ఎపాక్సీ గ్రౌట్. పిల్లలు నేల మీద గడిపే కాలం రెండు మూడేళ్లు, టైల్స్ ఉండేది దశాబ్దాలు. ఆ కాస్త కాలానికి పైన మెత్తటి మ్యాట్ పరుచుకుంటే సరిపోతుంది.

అద్దె ఇల్లు, కింద మెరిసే టైల్స్, ఇంట్లో ఏడెనిమిది నెలల బిడ్డ. ఇక్కడ షీట్ వినైల్‌కు సాటి లేదు. ఉన్న నేల మీదే పరచి, ఖాళీ చేసేటప్పుడు చుట్టి తీసుకుపోవచ్చు. జిగురు అంటించకుండా అంచులకు మాత్రమే, తీస్తే మచ్చ మిగలని టేపు వేయండి. అంచు లేస్తే తప్పటడుగుల బిడ్డ కంటే ముందు పెద్దవాళ్లే కాలు తగిలి పడతారు.

నాలుగైదేళ్ల పిల్లలు, నీళ్లతో ఆట, కుర్చీ ఈడ్పులు, పడే బొమ్మలు అయితే టైల్స్ లేదా 0.5 మిల్లీమీటర్ల పొర ఉన్న ఎస్‌పీసీ. కార్క్ ఈ వయసును తట్టుకోలేదు.

ఇంట్లో పసిబిడ్డతోపాటు మోకాళ్ల నొప్పులున్న పెద్దలూ ఉంటే, వంట ఎక్కువగా వారే చేస్తుంటే, కార్క్ వైపు గానీ నురగ పొర ఉన్న షీట్ వినైల్ వైపు గానీ మొగ్గుతాను. గది గుమ్మం దగ్గర ఎత్తు తేడా రాకుండా చూడటం వారికి నేల రకం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

పాలిష్ టైల్స్ ఇప్పటికే ఉన్నవారు పగలగొట్టనక్కర్లేదు. సింకు ముందు, పొయ్యి ముందు నేలను అంటిపెట్టుకుని ఉండే పలుచటి, అంచులు లేవని మ్యాట్లు చాలు. ముక్కలుగా అతికించే నురగ మ్యాట్లు మాత్రం పొయ్యి దగ్గర వద్దు. నురగ మండుతుంది, ముక్కల కింద నీరు చేరుతుంది, పిల్లలకు వాటిని పీకడమే ఆట.

## వేయించేటప్పుడు

బిగించే వినైల్ పలకలకు కింది నేల చదునుగా ఉండాలి. రెండు మీటర్ల సరళమైన బద్ద పెట్టి చూస్తే ఎక్కడా 3 మిల్లీమీటర్లకు మించి సందు రాకూడదు, వస్తే అతుకులు విరుగుతాయి. మందం పెరుగుతుంది గనుక తలుపు అడుగు, కింది అలమరల తలుపులు తగులుతాయేమో ముందే కొలవండి. నేల, గోడ కలిసే చోట సిలికాన్ నింపించండి. పిల్లలు ఒలకబోసిన నీళ్లన్నీ చివరకు చేరేది ఆ మూలకే.

టైల్స్ పెట్టెలన్నిటి మీదా షేడ్ అంకె, బ్యాచ్ అంకె ఒకటేనా అని మేస్త్రీ పెట్టెలు విప్పకముందే చూసుకోండి. అదే బ్యాచ్‌లో ఒక పెట్టె అదనంగా కొని అటక మీద పెట్టండి. బరువైన గిన్నె పడి ఒక పలక పగిలిన రోజున అదే రంగు దుకాణంలో దొరకదు.